గేరుపెట్టెలోని తీగచుట్టలు: వాని విద్యుత్పరీక్ష

మోటారు బండి తనంతట తాను గేరు మార్చుకొనుట నేడు వింతగా తోచదు గాని, ఆ మార్పును విద్యుత్తుతో ఏమాత్రము నిమిత్తము లేక, కేవలము నూనె ఒత్తిడిచేతనే సాధించిన కాలమొకటి యుండెడిదని చాలమంది యెఱుగరు. 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబీల్ కార్లకొఱకు జనరల్ మోటార్స్ వారు 1939లో వెలువరించిన హైడ్రామాటిక్ గేరుపెట్టెలో, బండి వేగముతోపాటు పెరుగు నూనె ఒత్తిడి యొక ప్రక్కనుండియు, యాక్సిలరేటరును త్రొక్కిన కొలదిని పెరుగు ఒత్తిడి వేరొక ప్రక్కనుండియు, ఒక చిన్న వాల్వును ఎదురెదురుగా నెట్టుచుండగా, ఆ రెంటిలో దేనిది పైచేయి యైన దానినిబట్టి గేరు మారుచుండెను. నూనెయే బలము, నూనెయే బుద్ధి. ఆ వ్యవస్థ దశాబ్దములపాటు చక్కగనే పనిచేసినది. దానిలో చెడునదేదైనను అరిగిపోయినదో, అడ్డుపడినదో, కారిపోయినదో కావలెను. అనగా కంటికి కనబడు చెడుగు.

పిమ్మట బుద్ధి నూనెనుండి కంప్యూటరునకు మారినది. క్లచ్చిలను బిగించుట నేటికిని నూనె పనియే యైనను, ఎప్పుడు ఏ క్లచ్చిని బిగింపవలెనో నిర్ణయించుట మాత్రము సిలికాను బిళ్ళ చేతిలోనికి పోయినది. ఈ మార్పును స్పష్టముగా చూడగోరువారికి అమెరికాలో కోట్లాది మైళ్ళు తిరిగిన జనరల్ మోటార్స్ వారి గేరుపెట్టెయే తగిన ఉదాహరణము. 1982లో 700ఆర్4 అను పేర కేవలము నూనె ఒత్తిడితో గేర్లు మార్చునదిగా వచ్చిన పెట్టెయే, 1993లో విద్యుత్‌శాసనమునకు లోబడి 4ఎల్60-ఇ అను పేరు దాల్చినది. లోపలి గేర్ల నిష్పత్తులు మారలేదు, మొదటిది 3.06, రెండవది 1.63, మూడవది సరిగా 1, నాల్గవది 0.70. మారినదల్లా పాలకుడు. ఆ పాలకునికి వార్తలు తెచ్చునవి సెన్సరులు. అతని ఆజ్ఞలను నూనెకు అందజేయునవి సాలినాయిడ్లు. ఈ రెండు తెగల చిన్న వస్తువులు ఆరోగ్యముగా నున్నవో లేదో విద్యుత్తు మూలమున తెలిసికొను విధానమే ఈ అధ్యాయమునకు విషయము.

సాలినాయిడ్ అనగా ఇనుప ప్లంజరు చుట్టును చుట్టిన సన్నని రాగితీగ మాత్రమే. తీగలో విద్యుత్తు ప్రవహించునపుడు దాని చెంతనున్న అయస్కాంతపు సూది కదలునని 1820లో కోపెన్‌హేగెన్‌లో ఓర్‌స్టెడ్ కనిపెట్టినదే దీనికి బీజము. 1825లో స్టర్జన్ ఇనుపముక్కపై తీగ చుట్టి విద్యుదయస్కాంతమును చేసినప్పుడే దీని రూపము సిద్ధమైనది. 4ఎల్60-ఇ లోని రెండు గేరుమార్పు సాలినాయిడ్లు విద్యుత్తు లేనపుడు నూనెను బయటికి జారవిడుచును. విద్యుత్తు రాగానే ద్వారమును మూసి ఒత్తిడిని నిలుపును. ఈ రెంటికిని ఏ, బీ అని పేరు పెట్టుకొందము. రెండును పనిచేయుచున్నయెడల మొదటి గేరు. ఏ విశ్రమించి బీ మాత్రము పనిచేసిన రెండవది. రెండును విశ్రమించిన మూడవది. ఏ మాత్రము పనిచేసిన నాల్గవది. రెండు మీటలతో నాలుగు స్థితులు. ఇంతకన్న పొదుపైన ఏర్పాటు మఱి లేదు.

మూడవ గేరునే రెండును విశ్రమించు స్థితిగా నిర్ణయించుటలో ఇంజనీర్ల ముందుచూపు కలదు. వేగముగా పోవుచున్న బండిలో అకస్మాత్తుగా ఫ్యూజు కాలిపోయినదనుకొనుడు. బండి మొదటి గేరులోనికి దూకినచో చక్రములు పట్టు తప్పి ప్రాణాపాయము కలుగును. మూడవదానిలోనికి వచ్చినచో కాస్త మందముగా నైనను ఇల్లు చేరును. ఒత్తిడిని నియంత్రించు మూడవ సాలినాయిడ్ కూడ ఈ నీతినే పాటించుచున్నది: దానికి ప్రవాహమంతయు ఆగిపోయినపుడు నూనె ఒత్తిడి తగ్గుటకు మారుగా గరిష్ఠమునకు చేరును. గేరు పడినప్పుడు కుదుపు తగులును గాని, క్లచ్చి జారి కాలిపోదు.

ఈ పట్టికను మనస్సునందుంచుకొన్న మెకానిక్కునకు మీటరును చేతబట్టకముందే సగము సంగతి తెలియును. ఇది నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టము. ఏ సాలినాయిడ్ పూర్తిగా చచ్చినదనుకొందము. కంప్యూటరు మొదటి గేరును కోరి రెంటిని పనిచేయుమనును. ఏ పలుకదు, బీ మాత్రము పలుకును. అది రెండవ గేరు. తరువాత రెండవదానిని కోరును. అది యథావిధిగా వచ్చును. మూడవది వచ్చును. నాల్గవదానిని కోరినపుడు ఏ పలుకనందున మరల మూడవదియే మిగులును. కావున బండి రెండు, రెండు, మూడు, మూడు అను క్రమమున నడచును. చచ్చినది బీ యైనచో క్రమము విచిత్రముగా నుండును: నాలుగు, మూడు, మూడు, నాలుగు. నిలిచిన బండి నాల్గవ గేరులో కదలనేరక మూలుగుచు, కొంత వేగము వచ్చిన పిమ్మట మూడవదానికి దిగును. రెండును పలుకక బండి ఎల్లప్పుడును మూడవదానిలోనే యుండినచో, రెండు సాలినాయిడ్లు ఒకేదినమున చచ్చినవని భావించుట కన్న, ఆ రెంటికిని ఉమ్మడిగా విద్యుత్తు నిచ్చు ఫ్యూజునో కనెక్టరునో అనుమానించుట వివేకము. నూనెపాన్ విప్పకయే, ఒక్క నూనెచుక్క నేలబడకయే, ఇంత తెలియుచున్నది.

ఇక మీటరు. మొదటి పరీక్ష అందఱెఱిగినదే: తాళము తీసి, గేరుపెట్టెపైనున్న పెద్ద కనెక్టరును ఊడదీసి, తగిన పిన్నుల నడుమ నిరోధమును కొలుచుట. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గేరుమార్పు సాలినాయిడ్లకు ఇంచుమించు 20 మొదలు 30 ఓముల వఱకును, ఒత్తిడి సాలినాయిడునకు 3.5 మొదలు 4.6 ఓముల వఱకును ఉండవలెను. అనంతమును చూపినచో తీగ తెగినది. సున్నకు చేరువైనచో చుట్టలు లోలోపల ఒండొంటితో కలిసిపోయినవి. పిదప ఒక కొనను పిన్నునందును వేరొక కొనను గేరుపెట్టె లోహమునందును ఉంచి చూడవలెను; అచ్చట అనంతము తప్ప మఱేదియు కనబడరాదు. కొన్ని సాలినాయిడ్లలో తీగచుట్టకు తోడుగా డయోడు కూడ కూర్చబడియుండును. అట్టివానిలో మీటరు కొనలను తారుమారు చేసిన సంఖ్య మారును గనుక, దానిని దోషమని భ్రమపడరాదు. నాలుగు ఓముల చుట్టను కొలుచునపుడు మీటరు తీగల సొంత నిరోధమును ముందుగా రెండు కొనలనూ కలిపి చూచుకొని తీసివేయుట అవశ్యము. అర ఓమైనను అచ్చట పదవ వంతుకు మించిన తేడా.

ఇంతవఱకు గ్రంథములన్నియు చెప్పును. అవి చిన్న అక్షరములలో చెప్పి పాఠకుడు మఱచుటకు వీలు కల్పించునది ఆ 20 డిగ్రీల మాట. రాగి నిరోధము ఒక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 0.39 వంతున పెరుగును. వైశాఖమాసమున రెంటచింతలలోనో రామగుండములోనో షెడ్డు నీడన 45 డిగ్రీలున్న మధ్యాహ్నము, ఇంజను స్టార్టు చేయని బండిలోనే, రాగితీగ నిరోధము పట్టికలోని దానికన్న పదవ వంతు అధికముగా నుండును. 20 డిగ్రీల వద్ద 4.3 ఓములుండు నిర్దోషియైన ఒత్తిడి సాలినాయిడ్ అచ్చట 4.7 చూపును, 4.6 దాటినదని దానిని పారవైచినవాడు చల్లని దేశపు కొలతతో వేడిదేశపు వస్తువునకు శిక్ష విధించినవాడగును. గేరుపెట్టెలోని నూనె 100 డిగ్రీలకు చేరినచో 20 ఓముల చుట్ట 26 ఓములకు ఎక్కును. కావున కొలతతోపాటు ఉష్ణోగ్రతను కూడ వ్రాసికొనని పరీక్ష పరీక్ష కానేరదు. వేడిలోనే తలయెత్తి చల్లారగానే మాయమగు దోషములు కూడ కలవు: తీగ ఎచ్చటనో చిట్లి, వ్యాకోచించినపుడు మాత్రమే తెగి, సంకోచించినపుడు మరల కలియుచుండును. అట్టి బండి ఇంటినుండి బయలుదేరి గంటసేపు చక్కగా నడచి, పిదప మొరాయించి, షెడ్డు చేరునప్పటికి ఆరోగ్యముగా నుండును. దానిని వేడిగా నున్నపుడే కొలువవలెను.

ఓముమీటరు పరీక్షకు ఇంతకన్న పెద్ద లోపమొకటి కలదు. కొలుచుటకై కనెక్టరును ఊడదీయుదుము గదా. ఆ క్షణముననే ఆ కనెక్టరులోని తుప్పు, వదులైన పిన్ను, చిలుముపట్టిన గ్రౌండు తీగ, ఇవన్నియు కొలత పరిధినుండి బయటికి పోయినవి. దోషమును పరీక్షించుటకై విడదీసి, ఆ విడదీయుటలోనే దోషమును పోగొట్టుకొంటిమి. అదియు గాక ఓముమీటరు తాను ప్రవహింపజేయు విద్యుత్తు అత్యల్పము. ఒక్క పేటపై నిలిచిన చేదత్రాడు ఖాళీ చేదను నూతిలోనికి చక్కగా దింపును, దాని బలహీనత నిండిన చేదను పైకి లాగునపుడు గాని బయటపడదు.

అందువలన అనుభవజ్ఞులు వోల్టేజి పతనపు పరీక్షను ఆశ్రయింతురు. కనెక్టరును యథాస్థానమున నుంచి, సాలినాయిడును పనిచేయించి, పిన్నుల వెనుకనుండి సన్నని సూదులతో తాకి, తీగలో ఎచ్చటెచ్చట ఎంతెంత వోల్టేజి హరించుచున్నదో చూచుట దీని రీతి. 12.6 వోల్టుల బ్యాటరీకి 24 ఓముల చుట్టను కలిపిన యెడల ఓము సూత్రము ప్రకారము 0.525 ఆంపియరు ప్రవహింపవలెను. నడుమ తుప్పుపట్టిన పిన్ను ఆరు ఓముల నిరోధమును కల్పించినదనుకొందము. అపుడు ప్రవాహము 0.42 ఆంపియరు, ఆ పిన్ను వద్దనే రెండున్నర వోల్టులు నష్టము. ప్రవాహము అయిదవ వంతు తగ్గిన మాత్రమున ప్రమాదమేమని అడుగవచ్చును. అయస్కాంతపు ఆకర్షణబలము ప్రవాహముతో సమముగా గాక దాని వర్గముతో మారును. కావున అయిదవ వంతు ప్రవాహము పోయినచో బలములో మూడవ వంతుకు మించినది పోవును. ప్లంజరు కదలును గాని గట్టిగా మూయదు. నూనె కొంత జారును. క్లచ్చి పట్టీ పట్టకుండ పట్టును. కొన్ని వారములకు అది మాడిపోవును. ఒక చిన్న పిన్నుపై చేరిన ఆకుపచ్చని చిలుము ఒక క్లచ్చిని కాల్చివేసిన కథ ఇట్లు జరుగును, పిదప ఆ క్లచ్చిని మార్చినవారు చిలుమును మార్చనిచో మఱల జరుగును.

ఈ సందర్భమున క్రొత్తవారు పొరపడు చోటొకటి చెప్పవలెను. 4ఎల్60-ఇ లో గేరుమార్పు సాలినాయిడునకు బ్యాటరీ విద్యుత్తు ఒక కొనవద్ద ఎల్లప్పుడును ఉండును. కంప్యూటరు చేయునదల్లా రెండవ కొనను గ్రౌండునకు కలుపుట, విడుచుట. అందువలన సాలినాయిడ్ విశ్రమించియున్నపుడు రెండు కొనలయందును 12 వోల్టులు కనబడుట సహజము. ఆజ్ఞ వచ్చినపుడు కంప్యూటరు వైపునున్న కొన దాదాపు సున్నకు దిగవలెను. 12 వోల్టులు చూచి విద్యుత్తు వచ్చుచున్నదని తృప్తిపడి, సాలినాయిడుపై నేరము మోపుట తరచుగా జరుగు అన్యాయము.

ఒత్తిడి సాలినాయిడ్ జాతి వేరు. అది మూయుట, తెఱచుట అను రెండు స్థితులలో గాక, నడిమి స్థితులన్నింటిలోను నిలువవలసినది. గనుక కంప్యూటరు దానికి సెకనుకు 292.5 మారులు విద్యుత్తును ఇచ్చుచు ఆపుచు, ఇచ్చినకాలమునకును ఆపినకాలమునకును గల నిష్పత్తిని మార్చి, సగటు ప్రవాహమును సున్న మొదలు సుమారు 1.1 ఆంపియరు వఱకు నడపును. దీనిని నేరుగా బ్యాటరీకి కలిపి టక్కుమను శబ్దము వినబడునో లేదో చూతమను ఉత్సాహవంతులు గలరు. నాలుగు ఓముల చుట్టలో 12 వోల్టులకు మూడు ఆంపియర్లు దూరును, పరీక్షకుడే హంతకుడగును. పెద్ద బల్బుగల టెస్టుల్యాంపుతో కంప్యూటరు తీగలను పొడుచుటయు ఇట్టి దుస్సాహసమే.

మీటరు ముల్లు చెప్పలేని సంగతులను ఆసిలోస్కోపు చిత్రించి చూపును. తీగచుట్టలోనికి విద్యుత్తు ఒక్కసారిగా ప్రవేశింపదు. చుట్ట తన అయస్కాంతక్షేత్రమును నిర్మించుకొనుచు ప్రవాహమును అడ్డగించును గనుక, ప్రవాహరేఖ నెమ్మదిగా వంపు తిరిగి పైకెక్కును. ఆ ఎక్కుటలో, ఆరోగ్యముగల సాలినాయిడునందు, ఒకచోట చిన్న నొక్కు కనబడును. రేఖ క్షణకాలము క్రిందికి దిగి మరల ఎక్కును. ప్లంజరు నిజముగా కదలిన గుర్తు ఆ నొక్కు. కదలు ఇనుము చుట్టలోని అయస్కాంతస్రావమును మార్చును. ఆ మార్పు, ఫారడే 1831లో చూపిన నియమము ప్రకారము, ఎదురు వోల్టేజిని పుట్టించి ప్రవాహమును క్షణకాలము వెనుకకు నెట్టును. నిరోధము సరిగానుండి, ప్రవాహమును సరిగానుండి, ఆ నొక్కు మాత్రము లేనిచో, తీగ బ్రదికియున్నది గాని ప్లంజరు అరిగిన లోహపు పొడిలో చిక్కుకొని కదలకున్నదని అర్థము. లోపల ప్లంజరు కదలికను బయట బల్లమీద కూర్చుండి ఒక తీగద్వారా చూడగలుగుట, నా మట్టుకు, ఈ శాస్త్రమంతటిలోను మనోహరమైన విషయము. విద్యుత్తును ఆపినపుడు కుప్పకూలు అయస్కాంతక్షేత్రము పదుల వోల్టుల ఎదురుపోటును లేపును. ఆ పోటు పొట్టిదైనచో చుట్టలు కలిసిపోయినవేమో యని అనుమానింపవలెను.

సెన్సరుల విషయము కొంత త్వరగా చెప్పవచ్చును. 4ఎల్60-ఇ వెనుకభాగమున బయటి షాఫ్టుపై 40 పండ్లు గల చక్రమును, దాని చెంత అయస్కాంతముతో కూడిన తీగచుట్టయు కలవు. పండ్లు దాటినకొలది చుట్టలో ఏకాంతర విద్యుత్తు పుట్టును. షాఫ్టు నిమిషమునకు 1500 చుట్లు తిరిగినచో సెకనుకు వేయి తరంగములు. దీనికి బయటినుండి విద్యుత్తు అక్కరలేదు. వెనుక చక్రమును జాకీపై ఎత్తి చేతితో త్రిప్పినను మీటరు ఏ.సీ. స్థానములో కొంత చలనము చూపును. వేగము పెరిగిన కొలది తరంగముల సంఖ్యయేగాక వాని ఎత్తును పెరుగవలెను. ఎడసందు ఎక్కువైనచోను, అయస్కాంతమునకు ఇనుపపొడి అంటుకొన్నచోను, నిరోధము నిర్దోషముగానే యుండి, తరంగము మాత్రము కుంగిపోవును. 1879లో బాల్టిమోరు నగరమున ఎడ్విన్ హాల్ బంగారురేకుపై కనుగొన్న ధర్మముతో పనిచేయు సెన్సరులు వేరొక తెగ. వానికి మూడు తీగలు, బయటి విద్యుత్తు, చతురస్రాకారపు తరంగము. వీనికి ఓముమీటరు పెట్టుట వ్యర్థము, ఒక్కొక్కప్పుడు హానికరము. విద్యుత్తు నిచ్చి, త్రిప్పి, తరంగమును చూడవలెను.

నూనె ఉష్ణోగ్రతను చెప్పునది థర్మిస్టరు. రాగికి విరుద్ధముగా వేడియెక్కిన కొలది దీని నిరోధము పడిపోవును. జనరల్ మోటార్స్ వారిది 20 డిగ్రీల వద్ద సుమారు 3500 ఓములు, 100 డిగ్రీల వద్ద సుమారు 180. కాగు నీటిలో థర్మామీటరుతో సహా ముంచి, చల్లారుచుండగా కొలుచుచు పోయినచో రేఖ ఎచ్చటను తెగక ఎక్కవలెను. అయినను ఈ నియమము సర్వత్ర వర్తించునని అనుకొనరాదు. మెర్సిడెస్ వారి 722.6 అను అయిదు గేర్ల పెట్టెలో ఉష్ణోగ్రతా సెన్సరును, పార్కు, న్యూట్రలు స్థానములను తెలుపు రీడ్ స్విచ్చిని ఒకే తీగపై వరుసగా కూర్చినారు. లీవరు పార్కులో నున్నంతసేపు ఆ స్విచ్చి తెఱచియుండును. గనుక బండిని బుద్ధిమంతునివలె పార్కులో పెట్టి కొలిచినవానికి సెన్సరు తెగినట్లే కనబడును. డ్రైవులో పెట్టినంతనే అది పునర్జన్మ నొందును. ఆ పెట్టెలోనే కనెక్టరు సీలు చెడినపుడు నూనె తీగల నడిమి సందులగుండ ప్రాకి, దూరముననున్న కంప్యూటరు వఱకు పోవుటయు కలదు. కావున మీటరుతోపాటు కన్నులును పరీక్షాసాధనములే.

మన దేశమున పూర్తి ఆటోమేటిక్ పెట్టెలకన్న, 2014లో మారుతి సెలెరియోతో ప్రచారమునకు వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతియే సామాన్యులకు చేరువైనది. అది మామూలు గేరుపెట్టెకు చేతులు తగిలించిన ఏర్పాటు మాత్రమే గాని, ఆ చేతులను ఆడించు నూనెను నడపునవి అచ్చటను సాలినాయిడ్లే. పైని చెప్పిన వేడి, భారము, వోల్టేజి పతనము అను మూడు సంగతులు అచ్చటను యథాతథముగా వర్తించును.

చివరకు కోడుల మాట. స్కానరు పెట్టగానే వెలువడు సంఖ్యలను చూచి విడిభాగము కొనుటకు పరుగెత్తు అలవాటు మన షెడ్లలో వేళ్ళూనినది. కోడు ఏమి చెప్పుచున్నదో, కంప్యూటరు దానిని ఎట్లు తెలిసికొన్నదో విచారించువారు తక్కువ. పి0753 అనగా ఏ సాలినాయిడ్ విద్యుత్‌మార్గములో దోషము. కంప్యూటరు తన కొనవద్దనున్న వోల్టేజిని గమనించుచుండును. ఆజ్ఞ ఇయ్యనపుడు 12 వోల్టులును, ఇచ్చినపుడు సున్నయు కనబడనిచో ఈ కోడు నిచ్చును. తీగ, పిన్ను, చుట్ట, ఈ మూడింటిలో నెక్కడనో తప్పు కలదు. పైని పరీక్షలన్నియు దీనికొఱకే. పి0751 అట్టిది కాదు. అందు విద్యుత్తు సరిగానే నడచినది. కాని ఇంజను వేగమును, షాఫ్టు వేగమును పోల్చి చూడగా, కోరిన గేరు రాలేదని కంప్యూటరు లెక్కగట్టినది. టార్క్ కన్వర్టరు క్లచ్చి బిగిసి, మూడవ గేరులో ఇంజను 2000 చుట్లు తిరుగుచున్నపుడు షాఫ్టును 2000 తిరుగవలెను. 1800 మాత్రమే తిరిగినచో ఎక్కడనో జారుచున్నది, లేదా వేగపు సెన్సరు పండ్లను తప్పుగా లెక్కించుచున్నది. కావున మొదట సెన్సరు తరంగమును చూడవలెను. అది నిర్దుష్టమైనచో ఆసిలోస్కోపుపై ప్లంజరు నొక్కును చూడవలెను. ఆ రెండును, వేడిగా నున్నపుడు, భారముతో, సరిగా నున్నవని తేలిన పిదపను పి0751 తిరిగి వచ్చినచో, మీటరును ప్రక్కనబెట్టి, గేరుపెట్టె ప్రక్కనున్న మరమూతను విప్పి అచ్చట నూనె ఒత్తిడి గేజిని బిగింపవలెను.